పాత మలుపులో ఈల

మా మేడ కింది వాటాలో కండక్టరక్క ఉంటుంది. రిటైరై చాలా కాలమైనా వీధిలో ఆవిడకి మరో పేరు రాలేదు. భర్త అదే డిపోలో డ్రైవరుగా చేశాడు. ఆవిడని అక్క అంటాను కాబట్టి ఆయన నాకు బావగారు. సాయంత్రాలు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే నేనొక మెట్టు పైన చేరతాను. ఒకరు చెప్పడం మొదలుపెట్టగానే రెండోవారు బ్రేకు వేస్తారు. మొదటివారు రివర్సు చేసుకుని మళ్ళీ మొదటికొస్తారు. వాళ్ళ దగ్గర కథ వినేవాళ్ళు ఊరు ఎప్పుడు చేరతామని బెంగ పెట్టుకోకూడదు. కిందటేడు కొండలకు వెళ్ళొచ్చిన సంగతి ఎన్ని సాయంత్రాలు చెప్పారో! విన్నదాన్ని ఒక వరసలో పెట్టడమే నేను చేసిన పని.

ముందు అక్క ఉద్యోగం గురించి చెప్పాలి. అది తెలియకపోతే, అరవై దాటిన మనిషి ఒక పిట్ట కోసం ఇంటిల్లిపాదినీ చలిలో నిలబెట్టడం పిచ్చితనంలా కనిపిస్తుంది.

ఆ డిపోలో ఆడవాళ్ళని కండక్టర్లుగా తీసుకున్న మొదటి జట్టులో అక్క ఒకతె. మిగతావాళ్ళందరూ పట్నం లోపల తిరిగే బస్సులు అడిగారు. అక్క కొండెక్కే ఘాట్ రూటు అడిగింది. డ్యూటీలు వేసే గుమాస్తా కళ్ళజోడు తీసి మరీ చూశాడట.

“అమ్మాయ్, ఘాట్ అంటే దారి పొడుగునా వాంతులు చేసుకుంటారు. కడగగలవా?”

“పట్నం బస్సుల్లో చేసుకోరా అండీ?”

“మంచుకి టికెట్ల పుస్తకం ముద్దయిపోతుంది.”

“చంకలో పెట్టుకుంటాను.”

“ఎందుకమ్మా నీకీ గోల?”

“పట్నం బస్సులో అయితే రోజంతా జనాల వీపులే చూడాలి. అక్కడ కనీసం కిటికీ బయట ఏదో ఒకటి ఉంటుంది కదండీ.”

గుమాస్తా నవ్వి, రూటు రాసిచ్చాడు. ఘాట్ ఎక్కిన మొదటి ఆడకండక్టరు మా అక్కే.

ఆ రోజుల్లో బస్సు ఆగాలంటే కండక్టరు ఈల వేయాలి. కింద తిరిగే బస్సుల్లో అందరి మెడలోనూ ఇత్తడి ఈల వేలాడేది. కొండ మీద చెమ్మకి అందులోని గోళీ అంటుకుపోయి, ఎంత ఊదినా బుస్సుమనేది తప్ప మోగేది కాదు. అందుకని ఘాట్ కండక్టర్లు నోటితోనే ఈల వేసేవారు. ఎవరి ఈల వారిదే. ఇవాళ డ్యూటీ ఎవరిదో డ్రైవర్లు తల తిప్పకుండా చెప్పేవారు. అక్కకి ఆ విద్య చిన్నప్పుడే అబ్బింది. ముగ్గురు అన్నల వెనక పుట్టిన పిల్ల. “ఆడపిల్లకి ఈలేంటే!” అంటూ అమ్మ నెత్తిన వేసిన మొట్టికాయలన్నిటికీ చివరికి జీతం వచ్చిందని ఇప్పటికీ నవ్వుతుంది. ఆపమని ఆవిడ వేసే ఈల సన్నగా, పొడుగ్గా సాగి, చివర్లో కొంచెం పైకి లేచేదట.

ఆ ఈలకి ఆవిడ తనకు తానే ఒక కట్టడి పెట్టుకుంది. ముందుగా బస్సు వెనక అద్దంలోంచి రోడ్డు చూడాలి. ఏ బండీ బస్సుని అంటుకుని రావట్లేదని తేలాకే పెదవులు ముడవాలి. ఇక మలుపులోనైతే ఎవరు బతిమాలినా, ఎవరు తిట్టినా ఈల పడేది కాదు. “మలుపు దాటాక దిగు నాయనా. నాలుగడుగులు వెనక్కి నడిస్తే కాళ్ళేం అరిగిపోవు,” అనేది.

బావగారు నడిపింది ఆ బస్సే. అప్పటికి పెళ్ళి లేదు, పరిచయం కూడా అంతంతమాత్రం. ఒకరినొకరు “డ్రైవర్ గారూ”, “కండక్టర్ గారూ” అనుకునేవారు.

వానలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున మొదటి ట్రిప్పులో ఆ సంఘటన జరిగింది. కొండ సగం ఎక్కాక ఒక మెలి మలుపు ఉండేది. పైనుంచి వాగు దూకి, రోడ్డు కింద తూములోంచి అవతలికి పోయేది. సరిగ్గా ఆ మలుపు మధ్యలో బావగారికి ఈల వినిపించింది. సన్నగా, పొడుగ్గా, చివర్లో పైకి లేచి. ఆయన ఆపేశాడు. మంచులో వెనకే వస్తున్న పాల వ్యాను వచ్చి బస్సుని గుద్దింది. ప్రాణాలేం పోలేదు గానీ వెనక సీటాయన చెయ్యి విరిగింది. రోడ్డంతా పాలు.

“ఎందుకాపారండీ?” అని అక్క అరిచింది.

“మీరు ఈల వేస్తేనే కదా!” అని ఆయనా అరిచాడు.

“నేనెప్పుడు వేశాను?”

డిపోలో విచారణ పెట్టారు. ఈల విన్నామని ముందు సీట్లవాళ్ళు కూడా చెప్పారు. మేనేజరు అక్క వైపు తిరిగి, “వేశావని డ్రైవరంటాడు. విన్నామని జనమంటారు. వేయలేదని నువ్వంటావు. మరెవరు వేశారమ్మా, కొండ వేసిందా?” అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు.

అక్కని మందలించి, పట్నం రూటుకి మార్చేశారు. అంతటితో అయిపోతే ఆవిడ ఎప్పుడో మర్చిపోయేది. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, ఏ ఆడమనిషి ఘాట్ అడిగినా, “ఒకావిడకి ఇచ్చాంగా, చూశాంగా,” అనేవారు. మందలింపు కన్నా ఆ మాటే అక్కకి ముల్లులా దిగింది. తను వేయని ఈలకి తన వెనక వచ్చినవాళ్ళు కూడా శిక్ష అనుభవించారు.

బావగారు విన్నది విన్నట్టే చెప్పాడు. ఆయన అబద్ధమాడలేదని అక్కే అంటుంది. బదిలీ అయ్యాక ఒకరోజు ఆవిడ ఇంటికి వెళ్ళాడు. క్షమించమని అడగడానికి కాదు, ఒప్పుకోమని అడగడానికి!

“పొరపాటున వేసి మర్చిపోయుంటారు. ఒప్పుకుంటే పోలా?”

“పోదు,” అంది అక్క.

ఒప్పుకోలేదు కాబట్టి మళ్ళీ వెళ్ళాడు. అప్పుడూ ఒప్పుకోలేదు. ఆ రాకపోకల్లోనే పెళ్ళయింది. పెళ్ళయిందే గానీ తగువు తెగలేదు. వంటింట్లో కుక్కర్ కూసినప్పుడల్లా బావగారు హాల్లోంచి, “ఇది కూడా నువ్వు కాదు కదా?” అనేవాడు. చుట్టాలు నవ్వేవారు. కూతురు నవ్వేది. అక్క కూడా నవ్వి, స్టవ్ కట్టేసి, లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఆవిడ అలా వెళ్ళిపోవడాన్ని బావగారు ముప్ఫై ఏళ్ళు పట్టించుకోలేదు.

ఈ ఇంట్లోకి పిట్టలని తెచ్చింది అల్లుడు. కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. వారమంతా జనానికి అక్షరాల బోర్డు చూపించి “ఇది కనిపిస్తోందాండీ?” అని అడిగి, ఆదివారం రాగానే బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని తనే చూడ్డానికి బయల్దేరతాడు. కూతురికి ఆ పిచ్చి అంటలేదు. ఆ అమ్మాయి డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతుంది. “పిట్టలు చెట్టు మీదుంటే నాకేం? రోడ్డు మీదకి రాకపోతే చాలు,” అంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అల్లుడు హాల్లో కూర్చుని ఫోనులో పిట్టల కూతలు వింటున్నాడు. బావగారు లోపల కునుకు తీస్తున్నాడు. గిన్నెలు తోముతున్న అక్క చేతుల నిండా నురగతోనే పరిగెత్తుకొచ్చింది.

“బాబూ, అదేంటి? ఇంకోసారి పెట్టు.”

“కొండల్లో, వాగుల పక్కన ఉంటుందత్తయ్యా. ఈలపిట్ట. అచ్చం మనిషి వేసినట్టే వేస్తుంది. వానలు మొదలయ్యాక పొద్దున్నే ఎక్కువ.”

“పెట్టు, పెట్టు.”

మొదట ఒక పొడుగాటి ఈల వచ్చింది. చివర్లో పైకి లేచింది. ఆ తర్వాత, తోచక తిరిగే పిల్లాడు వేసుకునే పాటలా ఎటెటో పోయింది. ఇంజను రొదలో ఆ వెనక భాగం ఎవరి చెవిన పడుతుంది? మొదటిదొక్కటే పడి ఉంటుంది. అక్క సోఫా అంచు మీద కూలబడింది. మోచేతుల మీంచి నురగ కారి చాప తడుస్తోంది.

“ఏమైందత్తయ్యా?”

“కొండే వేసింది బాబూ,” అంది అక్క.

కథంతా విన్న అల్లుడు ఉత్సాహంగా లేచాడు. “మావయ్యని లేపి వినిపించనా?”

“వద్దు. ఫోనులో వినిపిస్తే ఫోను వేసిందంటాడు. నాకు తెలీదా ఆయన సంగతి? ఆ మలుపులో వినాలి. అక్కడ, ఆ చెవులతోనే.”

అలా కుదిరింది కొండల ప్రయాణం. వానల్లో కొండలకెవరైనా వెళ్తారా అని బావగారు గొణిగాడు. ఒంటికి చల్లగాలి తగలాలంది అక్క. ఇక్కడ ఫ్యాను లేదా అన్నాడాయన. మాట ఎటు పోయినా చివరికి టిఫిన్ డబ్బాలు కారెక్కాయి.

కూతురు నడిపింది. పక్క సీటులో బావగారు, వెనక అక్క, అల్లుడు. ఘాట్ మొదలవగానే బావగారి కుడికాలు నేలని తొక్కడం మొదలుపెట్టింది.

“నాన్నా, అటు బ్రేకు లేదు.”

“నాకు తెలుసు. కాలికి తెలీదు.”

సగం ఎక్కాక అక్క కిటికీలోంచి తల బయటకి పెట్టి చూసింది. మలుపు లేదు. కొండని కోసి రోడ్డుని తిన్నగా వేసేశారు. వాగు మీద కొత్త వంతెన కట్టారు. పైన లాడ్జిలో వేడినీళ్ళ బకెట్లు అందిస్తున్న మనిషిని అక్క అడిగితే, “పాత రోడ్డా అండీ? వంతెన పక్క నుంచి లోపలికి పోతుంది. ఇప్పుడటు ఎవరూ పోరు. చిన్న కారైతే తూము దాకా పడుతుంది,” అన్నాడు. అక్కకి ప్రాణం లేచొచ్చింది.

మొదటి పొద్దున అందరూ నడిచే వెళ్ళారు. పాత రోడ్డు పగుళ్ళలో గడ్డి మొలిచింది. అల్లుడు అడుగడుక్కీ ఆగి చూపిస్తున్నాడు. పికిలిపిట్టలు పొదల్లో కొట్లాడుకుంటున్నాయి. చెట్టు మాను మీద ఒక నీలిరంగు పిట్ట తలకిందులుగా దిగుతోంది. బావగారు దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. “చూశావా, ఫస్ట్ గేరులో ఘాట్ దిగుతోంది. మన కొత్త కుర్రాళ్ళకి దీన్ని చూపించాలి.” ఇంకో పిట్ట ఆయన నెత్తి మీంచి సర్రున పోయి పక్క కొమ్మ మీద వాలింది. “ఇండికేటర్ లేదు, హారన్ లేదు. ఎవడిచ్చాడే నీకు లైసెన్సు?”

అక్కకి బైనాక్యులర్స్ అక్కర్లేకపోయింది. కిక్కిరిసిన బస్సులో కదలకుండా ఓ మూల నక్కినవాడే టికెట్ తీసుకోనివాడని ఆవిడ లెక్క. ఆ లెక్కనే ఆకుల్లో నక్కి కూర్చున్నవాటిని పట్టేస్తోంది. “బాబూ, ఆ రెండో కొమ్మ మూల చూడు, మెదలకుండా కూర్చుంది దొంగముండ.” అల్లుడు బైనాక్యులర్స్ తిప్పి, “అబ్బ, అత్తయ్యా! ఇది నాకు ఇంతవరకూ కనిపించలేదు,” అని మురిసిపోయాడు. ఇద్దరికీ జోడీ భలే కుదిరింది. కనిపెట్టడం ఆవిడ వంతు, పేరు చెప్పడం అల్లుడి వంతు.

తూము దగ్గర నిలబడ్డారు. వాగు అలాగే దూకుతోంది. ఎండ పైకొచ్చేదాకా చూశారు. ఈల మాత్రం వినపడలేదు.

“బదిలీ అయిందేమో బాబూ,” అంది అక్క మెల్లగా.

రెండోరోజు పొద్దుగూకేదాకా వాన. లాడ్జి గదిలో కిటికీ అద్దం తుడుచుకుంటూ కూర్చున్నారు. మూడోరోజు మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. మిగిలింది ఆ ఒక్క పొద్దున. ఆ పొద్దునే బావగారు దుప్పటి ముసుగు తీయనన్నాడు.

“పిట్టల కోసం చీకట్నే లేవడమేంటి? పిట్టలే లేచి ఉండవు.”

అల్లుడు బతిమాలాడు. కూతురు కాఫీ తెచ్చింది. ముసుగు కదల్లేదు. అక్క మంచం పక్కన నిలబడి ఎవరితోనో అన్నట్టు అంది. “సరేలే, మనమే వెళ్దాం. పాత రోడ్డులో కారు తీసుకెళ్తుందట అమ్మాయి. మంచు దట్టంగా ఉంది. ఘాట్‌లో ఏ గేరులో వెళ్తుందో ఏమో.”

ముసుగు లేచింది.

“పాత రోడ్డులో కారా? ఈ మంచులోనా? ఎవరినడిగి?”

“నాన్నా, నేను ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పాను.”

“ఊళ్ళో నేర్పావు. ఇది కొండ. నా స్వెటరేదీ?”

కారు మెల్లగా పాత రోడ్డులోకి తిరిగింది. లైట్ల ముందు మంచు పొగలా కదులుతోంది. బావగారు అద్దాలన్నీ దింపించాడు. మంచులో కళ్ళు సగమే పనిచేస్తాయట, మిగతా సగం చెవులతో నడపాలట. వాగు హోరు దగ్గరయింది. కారు మలుపులోకి వంగింది.

ఈల పడింది. సన్నగా, పొడుగ్గా, చివర్లో పైకి లేచి.

బావగారి కాలు ధనామని నేలని తొక్కింది. “ఆపు!”

కూతురు ఉలిక్కిపడి ఆపేసింది. బావగారు సీటులో వెనక్కి తిరిగి చూడకుండానే పగలబడి నవ్వాడు. “ఏంటి కండక్టరూ! ఈ వయసులో కూడా మలుపులోనే ఆపిస్తావా?”

పిట్ట వేయడమైతే వేసింది. కానీ అక్క మళ్ళీ ఆయనకి కనిపించకుండా వెనకే కూర్చుంది! ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు.

“నేను వేయలేదు,” అంది అక్క.

“మొదలైంది.”

“అమ్మ కాదు నాన్నా. నాకు అద్దంలో కనిపిస్తోంది.”

“నువ్వు రోడ్డు చూస్తున్నావా, మీ అమ్మని చూస్తున్నావా? ఇదేనా స్కూల్లో నేర్పేది?”

“మావయ్యా, నిజంగా అది పిట్టే…”

“సరే, ముగ్గురూ ఒక పార్టీ. అప్పుడు కొండ, ఇప్పుడు పిట్ట. కానివ్వండి.”

అక్క కారు దిగింది. చుట్టూ తిరిగొచ్చి ముందు తలుపు తెరిచింది.

“దిగండి డ్రైవర్ గారూ.”

పెళ్ళయ్యాక ఆ పిలుపు ఆయన వినలేదు. నవ్వు సగంలో ఆగింది. “చలిగా ఉంది కదే…”

“దిగండి.”

దిగాడు. తూము గోడ పక్కన అక్క ఆయనకి ఎదురుగా నిలబడింది. “నా మొహం చూడండి. రెప్ప వేస్తే వేశారు గానీ తల తిప్పొద్దు.”

“ఎంతసేపు?”

“అది మళ్ళీ వేసేదాకా.”

“వేయకపోతే?”

“ఇక్కడే ఉందాం.”

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆకుల మీంచి చుక్కలు కారు పైకప్పు మీద పడుతున్నాయి. నవ్వు ఆపుకోలేక కూతురు స్టీరింగ్ మీద తల పెట్టేసిందట. బావగారు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ అన్నాడు, “నీ ముక్కు పక్కన ఆ పుట్టుమచ్చ ఎప్పట్నుంచి?”

“పుట్టినప్పట్నుంచి. మాట్లాడకండి.”

అప్పుడు మళ్ళీ పడింది ఈల.

అక్క పెదవులు బిగించే ఉన్నాయి. బావగారు ఆ పెదవులు చూశాడు. గొంతు చూశాడు. నమ్మలేక అరచెయ్యి ఎత్తి ఆవిడ నోటి ముందు పెట్టాడు, గాలి తగులుతుందేమోనని. ఈల ఇంకా సాగుతూనే ఉంది. పైకి పోయి, కిందికి జారి, ఎటో తిరిగి, మళ్ళీ మొదటికొచ్చింది. అరచేతికి గాలి తగల్లేదు. ఈల ఆగిపోయాక కూడా ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

“నువ్వు కాదు,” అన్నాడు.

“ఏంటి?”

“నువ్వు వేయలేదు.”

“ఎప్పుడు?”

ఆయన చెయ్యి దించాడు. “ఇప్పుడూ వేయలేదు. అప్పుడూ వేయలేదు.”

అక్క తల పంకించింది. అంతే. ఏడవలేదు, కసరలేదు. ఆ క్షణాన తన వెన్ను ఎవరో పట్టుకుని నిటారుగా నిలబెట్టినట్టయిందని నాతో చెప్పింది.

అల్లుడు కూడా దిగొచ్చి గోడ మీంచి వంగి, గొంతు తగ్గించి పిలిచాడు. “మావయ్యా, అదిగో, తడిరాయి మీద.”

మొదట నల్లగా ఒక ముద్ద కనిపించింది. అది పక్కకి తిరగగానే భుజాల మీద సిరా ఒలికినట్టు నీలం మెరిసింది. తోకని విసనకర్రలా విప్పి మూసింది. బావగారు బైనాక్యులర్స్ పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇంత లేదు. ఇదా నా బస్సుని ఆపింది?”

“దాన్నేం అనకండి,” అంది అక్క. ఆవిడ అప్పటిదాకా పిట్ట వైపు చూడనేలేదు. ఇప్పుడు తనూ వచ్చి గోడ మీద చేతులు పెట్టి చూసింది. “దాని పాటికి అది పాడుకుంటోంది. మిమ్మల్ని ఆపమని అడిగిందా?”

తిరిగి వస్తున్నప్పుడు బావగారి కాలు నేలని తొక్కలేదు. వంతెన దగ్గరికొచ్చాక అన్నాడు. “కుక్కర్ దగ్గర నేనేదో అంటే నువ్వు లోపలికి వెళ్ళిపోయేదానివి. జోకనుకుని అనేవాణ్ణి.”

“మీకు జోకే.”

వంతెన అవతల టీ కొట్టు ముందు కింది ఊరికి పోయే బస్సు ఆగి ఉంది. తలుపు దగ్గర నిలబడిన కండక్టరు ఒక అమ్మాయి. మెళ్ళో టికెట్ మిషను. కారు పూర్తిగా ఆగకముందే బావగారు తలుపు తీశాడు. టీ కోసమనుకున్నారు మిగతావాళ్ళు. ఆయన నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, నువ్వు కింది డిపోనా?”

“అవునండీ. ఎక్కడికి? ఎక్కండి.”

“ఎక్కడానికి కాదు. పాత మలుపులో ఈల వేసి బస్సు ఆపేసిందని ఒక కండక్టరు గురించి మీ డిపోలో చెప్పుకుంటారా?”

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. “పాల వ్యాను ఆవిడేనా? ఎందుకు చెప్పుకోరండీ! ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు. ఆవిడ పుణ్యమా అని మాకు ఘాట్ రావడానికి ఇన్నేళ్ళు పట్టిందట.”

అక్క అప్పటికే ఆయన వెనక వచ్చి నిలబడింది. ఆ మాట చెవిన పడింది.

“ఆవిడ వేయలేదమ్మా,” అన్నాడు బావగారు. గొంతు పెంచాడు. “ఆ బస్సు డ్రైవర్ని నేను. పిట్ట ఈల వేస్తే కండక్టరు అనుకుని ఆపాను. తప్పు నా చెవిది. నీ డిపోలో ఈ మాట చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. ఇదిగో, ఆవిడ ఈవిడే.”

కిటికీల్లోంచి తలలు బయటకొచ్చాయి. “పిట్టకి బస్సాపాడంటరోయ్!” అన్నారెవరో. బస్సంతా గొల్లుమంది. టీ గ్లాసు పట్టుకున్న డ్రైవరు కూడా నవ్వాడు.

“నవ్వండి నాయనా, బాగా నవ్వండి,” అన్నాడు బావగారు కిటికీల వైపు చూసి. “ఇన్నేళ్ళూ ఈవిణ్ణి చూసి నవ్వారు. ఇక నన్ను చూసి నవ్వండి.”

నన్నడిగితే, ఆయన జీవితంలో నడిపిన అన్ని ట్రిప్పుల కంటే అదే పెద్ద పని. అక్కనడిగితే, “అంత గట్టిగా అరవాలా? నాకు సిగ్గేసింది,” అంటుంది. అని, మళ్ళీ ఆయన ఏమన్నాడో మాట పొల్లుపోకుండా చెబుతుంది.

కండక్టరమ్మాయి నవ్వడం మానేసి అక్క వైపే చూస్తోంది. సానుభూతి మాటో, సారీయో చెబుతుందనుకుంది అక్క. ఆ అమ్మాయి అడిగింది వేరు.

“పెద్దమ్మా, నేనీ రూటుకి కొత్త. మలుపుల్లో కడ్డీ పట్టుకుంటే టికెట్ కొట్టలేను. వదిలేస్తే జనం ఒళ్ళో పడుతున్నాను. రోజూ ఇదే తంతు. మీరెలా నిలబడేవారు?”

అక్క ఆ అమ్మాయి చెప్పుల్ని చూసింది. బస్సు లోపలికి తొంగి చూసింది. “చెబితే రాదే. చూడాలి,” అంది.

“అయితే రండి. కింది స్టాపు దాకా.”

అక్క కారు వైపు ఒకసారి చూసి, బస్సు మెట్టెక్కింది. “ముందు నాకో టికెట్ కొట్టు.”

“మీకు టికెట్టేంటి పెద్దమ్మా!”

“కొట్టు.”

బస్సు కదిలింది. వెనకే కారు. బావగారు ముందు సీటులో ముందుకు వంగి కూర్చున్నాడు. బస్సు వెనక అద్దం మీద తడి ఆరిపోయి, లోపల అంతా స్పష్టంగా కనిపిస్తోంది. సీట్ల మధ్య దారిలో అక్క నిలబడి ఉంది. తుంటి సీటు అంచుకి ఆనించింది. పాదాలు కొంచెం ఎడంగా పెట్టింది. చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. ఒక చేత్తో ఆ అమ్మాయికి ఏదో చూపిస్తోంది. మలుపొచ్చింది. జనమంతా ఒకవైపు ఒరిగారు, అమ్మాయి కడ్డీ పట్టేసుకుంది. అక్క మాత్రం బస్సు కన్నా ఓ క్షణం ముందే మోకాలు వంచి, మలుపుతో పాటు తిరిగి, మళ్ళీ నిటారుగా నిలబడింది. మాట కూడా ఆపలేదు.

ఘాట్ బస్సులో ఉన్నన్నాళ్ళూ బావగారికి ఆవిడ వెనక నుంచి వచ్చే చప్పుడే. బస్సు నడిపేవాడికి తన కండక్టరు ఎలా నిలబడుతుందో చూసే వీలెక్కడిది?

“చూశావా,” అన్నాడు కూతురితో. “చేతులు వదిలేసింది. అరవై దాటాయి దానికి. చూశావా?”

“చూస్తున్నా నాన్నా.”

రెండో మలుపులో ఆ అమ్మాయి కూడా కడ్డీ వదిలింది. తూలింది గానీ పడలేదు. అక్క ఆమె భుజం మీద చరిచింది. లోపల ఎవరో చప్పట్లు కొట్టినట్టున్నారు, కారులోకి వినపడలేదు.

మలుపులైపోయి తిన్నని రోడ్డు వచ్చింది. ఎదురుగా ఏ బండీ లేదు. కూతురు ఇండికేటర్ వేసి, బస్సుని దాటడానికి కారుని కొంచెం కుడికి లాగింది.

“దాటకు,” అన్నాడు బావగారు, అద్దం మీంచి కళ్ళు తిప్పకుండా. “వెనకే పోనీ.”